గని కార్మికుల కీళ్ల శస్త్రచికిత్సపై క్లినికల్ పరిశోధన: ప్రణాళిక వేసే పద్ధతి

మోకాలి అరుగుదల తీవ్రతను ఎక్స్‌రే చూసి 0 నుంచి 4 వరకు అంచనా కట్టే కెల్‌గ్రెన్–లారెన్స్ పద్ధతిని ఎముకల వైద్యులు ప్రపంచమంతటా రోజూ వాడుతున్నారు. 1957లో ఆ పద్ధతిని ప్రచురించిన ఇద్దరు వైద్యులూ అంతకు ముందే, 1952లో, బ్రిటన్ బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలను ఇతర వృత్తులవారి ఎక్స్‌రేలతో పోల్చి ఒక అధ్యయనాన్ని వెలువరించారు. అంటే కీళ్ల అరుగుదలను కొలిచే విద్యా, గని కార్మికుల ఆరోగ్య పరిశోధనా మొదట్లో ఒకే చేతుల మీదుగా నడిచాయి. ఆ తరవాత దారులు వేరయ్యాయి. శస్త్రవైద్యులు ఇంప్లాంట్ల గురించీ, కోత పెట్టే పద్ధతుల గురించీ, కాలి ఇరుసును సరిదిద్దే తీరు గురించీ రాస్తూ వచ్చారు. వృత్తి ఆరోగ్య నిపుణులు దుమ్ము, ప్రకంపనలు, పని భంగిమల గురించి రాస్తూ వచ్చారు. మోకీలుమార్పిడి చేయించుకున్న కార్మికుడు మళ్లీ మోకాళ్లూని పని చేయగలడా, చేస్తే ఆ కీలు ఎంతకాలం నిలుస్తుంది అనే ప్రశ్న మాత్రం ఈ రెండు దారుల మధ్య మిగిలిపోయింది.

ఆ ప్రశ్న మీద పరిశోధన మొదలుపెట్టాలనుకునే యువ శస్త్రవైద్యులకూ, గని ఆసుపత్రుల్లో పనిచేసే వృత్తి ఆరోగ్య వైద్యులకూ ఈ మార్గదర్శి ఉద్దేశించినది. ఇందులో చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఒక్కటే: శస్త్రచికిత్సను ఎంత వివరంగా నమోదు చేస్తామో, కార్మికుడి పనిని కూడా అంతే వివరంగా, చికిత్సకు ముందూ తరవాతా నమోదు చేయాలి. కేస్ షీటులో "వృత్తి: గని కార్మికుడు" అని ఒక్క మాట రాసి సరిపెట్టుకున్న అధ్యయనం ఎంతమందిని చేర్చుకున్నా, ఎంత ఖరీదైన యంత్రాలు వాడినా, ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.

ప్రశ్నను పని నుంచే తయారు చేయాలి

"ఏ శస్త్రచికిత్స మేలైనది?" అనేది పరిశోధన ప్రశ్న కాదు. ఎవరికి, దేనితో పోలిస్తే, ఏ ఫలితంలో, ఎంతకాలానికి అనే నాలుగు అంశాలూ తేలినప్పుడే అది పరిశోధన ప్రశ్న అవుతుంది. గని కార్మికుల విషయంలో అయిదో అంశం కూడా కలపాలి: ఏ పనికి తిరిగి వెళ్లడానికి? తక్కువ ఎత్తున్న బొగ్గు పొరలో మోకాళ్ల మీద పాకుతూ పనిచేసే వ్యక్తికీ, ఉపరితల గనిలో భారీ డంపర్ నడిపే వ్యక్తికీ, రాతిలో డ్రిల్లింగ్ చేసే వ్యక్తికీ కీళ్ల మీద పడే భారం ఒకటి కాదు. మొదటి వ్యక్తికి మోకీలు, రెండో వ్యక్తికి నడుమూ తుంటీ, మూడో వ్యక్తికి మణికట్టు, మోచేయి, భుజం ఎక్కువగా దెబ్బతినే అవకాశం ఉంది. ముగ్గురినీ "గని కార్మికులు" అనే ఒకే గుంపులో వేసి సగటు తీస్తే, ఆ సగటు ముగ్గురిలో ఎవరికీ వర్తించదు.

కాబట్టి ప్రశ్నను ఇలా కుదించుకోవచ్చు: మోకీలు లోపలి వైపు భాగం మాత్రమే అరిగి, రోజులో చెప్పుకోదగ్గ సమయం మోకాళ్లూని పనిచేసే, 45 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న భూగర్భ కార్మికులలో, పాక్షిక మోకీలుమార్పిడికీ (అరిగిన భాగాన్ని మాత్రమే మార్చడం) పూర్తి మోకీలుమార్పిడికీ మధ్య రెండేళ్ల తరవాత మోకాళ్లూనే సామర్థ్యంలో తేడా ఉంటుందా? ఇలాంటి ప్రశ్న ఇరుకైనదిగా కనిపించవచ్చు. అయినా సమాధానం దొరికిన ఇరుకు ప్రశ్న, సమాధానం దొరకని విశాలమైన ప్రశ్న కంటే కార్మికుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న రాసుకునే ముందు, శస్త్రచికిత్స అసలు అవసరమా అన్నది తేలిందో లేదో చూడాలి. మోకీలు అరుగుదలకు ఆర్థ్రోస్కోపీ చేసి (చిన్న రంధ్రం ద్వారా కీలులోకి కెమెరా గొట్టం పంపి) కీలును కడగడం ఒకప్పుడు సర్వసాధారణం. 2002లో అమెరికాలో 180 మందిపై జరిగిన ప్రయోగంలో, చర్మం మీద కోతలు మాత్రమే పెట్టిన నకిలీ శస్త్రచికిత్స కంటే అది మేలు చేయలేదని తేలింది. 2013లో ఫిన్లాండ్‌లో 146 మందిపై జరిగిన ప్రయోగం, వయసుతో చీలిన మెనిస్కస్‌ను (మోకీలులోని మెత్తటి దిండులాంటి మృదులాస్థిని) కొంత కత్తిరించే శస్త్రచికిత్స విషయంలోనూ అదే చెప్పింది. మరోవైపు 2015లో డెన్మార్క్‌లో 100 మందిపై జరిగిన ప్రయోగంలో, పూర్తి మోకీలుమార్పిడితో పాటు వ్యాయామ చికిత్స పొందినవారు ఏడాది తరవాత కేవలం వ్యాయామ చికిత్స పొందినవారి కంటే బాగా మెరుగయ్యారు. తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం శస్త్రచికిత్స బృందంలోనే ఎక్కువగా కనిపించాయి. శస్త్రచికిత్స లేని బృందంలోని 50 మందిలో 37 మంది ఆ ఏడాదిలో శస్త్రచికిత్స లేకుండానే గడిపారు. కాబట్టి కొత్త అధ్యయనంలో శస్త్రచికిత్స లేని బృందం ఉండాలా వద్దా అన్నది పరిశోధనకు అనుమతి ఇచ్చే నైతిక కమిటీ ముందు నిలిచి సమర్థించుకోవలసిన నిర్ణయం.

పని వల్ల పడే భారాన్ని కొలవడం

శస్త్రవైద్యులు రాసే పత్రాలలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ భాగమే కాబట్టి దీనికి ఎక్కువ సమయం కేటాయించాలి.

ముందుగా ప్రతి కార్మికుడి పూర్తి ఉద్యోగ చరిత్రను కాలక్రమంలో రాయాలి. ఉద్యోగపు పేరు ఒక్కటే చాలదు, ఎందుకంటే ఒకే పేరున్న ఉద్యోగంలో పొర ఎత్తును బట్టి, యంత్రీకరణను బట్టి పని పూర్తిగా మారిపోతుంది. ప్రతి దశకూ పని చేసిన స్థలం ఎత్తు, షిఫ్టులో మోకాళ్లూనిన గంటలు, గొంతుక్కూర్చున్న గంటలు, పాకిన దూరం, ఎత్తిన బరువులు, వాడిన పరికరాలు, నడిపిన వాహనాలు, మోకాలి ప్యాడ్లు వాడారా లేదా, ఏవైనా గాయాలయ్యాయా అనేవి అడగాలి. వీటినుంచి జీవితకాలపు మొత్తం భారాన్ని లెక్కకట్టవచ్చు. ఉదాహరణకు ఒక వ్యక్తి 12 ఏళ్లపాటు, ఏడాదికి 240 షిఫ్టులు, షిఫ్టుకు 3 గంటల చొప్పున మోకాళ్లూని పనిచేస్తే అది 8,640 గంటలు అవుతుంది. ఈ సంఖ్య కచ్చితమైనదని ఎవరూ అనుకోనక్కరలేదు. వెయ్యి గంటల వ్యక్తినీ ఎనిమిది వేల గంటల వ్యక్తినీ వేరు చేయగలిగితే చాలు.

జ్ఞాపకం మీద ఆధారపడిన సమాచారంలో ఒక ప్రమాదం ఉంది. మోకాలు నొప్పిగా ఉన్న వ్యక్తి తన పనిలోని కష్టాన్ని నొప్పి లేని వ్యక్తి కంటే ఎక్కువగా గుర్తు తెచ్చుకుంటాడు. ఇందులో అబద్ధం లేదు, జ్ఞాపకం పనిచేసే తీరే అది. దీన్ని తగ్గించడానికి భంగిమల బొమ్మలు చూపించి అడగడం, గని రికార్డులతో సరిచూసుకోవడం, కొందరు కార్మికులను పనిస్థలంలోనే గమనించి వారు చెప్పిన గంటలతో పోల్చడం అనే మూడు మార్గాలనూ వాడాలి. శరీర భంగిమను నమోదు చేసే సెన్సర్లను వాడాలనుకునేవారు ఒక విషయం మరవకూడదు: మీథేన్ వెలువడే భూగర్భ గనుల్లోకి నిప్పురవ్వ పుట్టించే ప్రమాదం లేదని ధ్రువీకరణ పొందని ఏ విద్యుత్ పరికరాన్నీ, మొబైల్ ఫోనుతో సహా, తీసుకువెళ్లకూడదు. ప్రణాళిక దశలోనే గని భద్రతాధికారితో మాట్లాడి అనుమతి తీసుకోకపోతే కొన్న పరికరాలు పెట్టెల్లోనే ఉండిపోతాయి.

ప్రకంపనల విషయంలో కొలమానాలు ఇప్పటికే స్థిరపడ్డాయి. చేతికి, భుజానికి చేరే ప్రకంపనలను అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 5349 ప్రకారం, శరీరమంతటికీ చేరేవాటిని ఐఎస్ఓ 2631 ప్రకారం కొలుస్తారు. 2002లో యూరోపియన్ యూనియన్ జారీ చేసిన ఆదేశంలో, 8 గంటల పనికి లెక్కించినప్పుడు, చేతి ప్రకంపనలకు చర్య తీసుకోవలసిన స్థాయి సెకను వర్గానికి 2.5 మీటర్లు, దాటకూడని స్థాయి 5 మీటర్లు. శరీర ప్రకంపనలకు ఇవి 0.5, 1.15 మీటర్లు. అధ్యయనం జరిగే దేశంలోని నిబంధనలు వేరైనా, ఈ స్థాయిలతో పోల్చి రాస్తే ఇతర దేశాల పరిశోధకులు కూడా ఫలితాలను ఉపయోగించుకోగలుగుతారు.

ఇంకొక చిక్కు ఉంది. కీళ్ల నొప్పి భరించలేనివారు గని పని మానేస్తారు, లేదా తేలిక పనికి మారతారు. కాబట్టి ప్రస్తుతం కఠినమైన పనిలో ఉన్నవారిని మాత్రమే పరీక్షిస్తే, కష్టమైన పని చేసేవారి కీళ్లే ఆరోగ్యంగా ఉన్నాయనే తలకిందుల ఫలితం వస్తుంది. వృత్తి ఆరోగ్య శాస్త్రంలో దీన్ని ఆరోగ్యవంత కార్మిక ప్రభావం అంటారు. పదవీ విరమణ చేసినవారినీ, మధ్యలో మానేసినవారినీ, పని మారినవారినీ వెతికి చేర్చుకోవడమే దీనికి సరైన మందు. శ్రమతో కూడిన పనే అయినా, ఇది వదిలేసిన అధ్యయనాన్ని గణాంక శాస్త్రం తరవాత కాపాడలేదు.

రోగనిర్ధారణలో తొందర పనికిరాదు

గని కార్మికుడికి మోకాలు నొప్పి అంటే అరుగుదలే అని ముందే నిర్ణయించుకోకూడదు. మోకాలిచిప్ప ముందున్న నీటితిత్తి పదే పదే ఒత్తిడికి వాచిపోవడం కూడా ఈ వృత్తిలో సాధారణమే. దానికి కీలుమార్పిడితో పని లేదు. సిలికా దుమ్ముకూ రుమటాయిడ్ కీళ్లవాతానికీ సంబంధం ఉందని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. 1953లో కాప్లన్ అనే వైద్యుడు వేల్స్ బొగ్గుగని కార్మికులలో రుమటాయిడ్ కీళ్లవాతంతో పాటు ఊపిరితిత్తుల్లో గుండ్రని గడ్డలు కనిపించే స్థితిని వర్ణించాడు. అది నేటికీ ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉంది. సిలికోసిస్ (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ, క్షయ కీళ్లకు కూడా సోకుతుంది. కాబట్టి అధ్యయనంలో చేర్చుకునే ముందు రుమటాయిడ్ కీళ్లవాతాన్ని పట్టే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు, వాపును తెలిపే రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అందరికీ చేయించడం అవసరం. ఛాతీ ఎక్స్‌రేలను న్యుమోకోనియోసిస్ (దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు) కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్గీకరణ ప్రకారం చదివించాలి.

ఊపిరితిత్తుల స్థితిని నమోదు చేయడానికి మరో కారణం కూడా ఉంది. శ్వాస సామర్థ్యం తగ్గిన వ్యక్తి, మోకీలు ఎంత బాగా నయమైనా, ఎక్కువ దూరం నడవలేడు. ఆరు నిమిషాల నడక పరీక్షలో అతడు వెనకబడితే ఆ తప్పు కీలుదో ఊపిరితిత్తులదో స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష) లేకుండా తేల్చలేము. మత్తు పద్ధతి ఎంపిక కూడా దీనిమీదే ఆధారపడవచ్చు కాబట్టి వెన్నులో మత్తు ఇచ్చారా, పూర్తి మత్తు ఇచ్చారా అన్నది ప్రతి కేసులోనూ రాయాలి.

ఫలితాన్ని దేనితో కొలవాలి

ఆక్స్‌ఫర్డ్ మోకీలు స్కోరులో 12 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కొక్క దానికి 0 నుంచి 4, మొత్తం 48. అందులో మోకాళ్లూని మళ్లీ లేవగలరా అనేది ఒకే ఒక్క ప్రశ్న. మిగతా పదకొండు ప్రశ్నలకూ పూర్తి మార్కులు తెచ్చుకున్న కార్మికుడు అసలు మోకాళ్లూనలేకపోయినా 44 స్కోరుతో "అద్భుతమైన ఫలితం" కింద లెక్కకు వస్తాడు. సాధారణ రోగికి అది నిజంగానే మంచి ఫలితం. మోకాళ్ల మీద పనిచేసి బతికే మనిషికి మాత్రం అది ఉపాధి పోయినట్టే. కాబట్టి సాధారణ స్కోరును వదలకుండా, దానికి తోడుగా పనిని కొలిచే సాధనాన్ని చేర్చాలి. కీలుమార్పిడి చేయించుకున్నవారి పని సామర్థ్యం కోసమే రూపొందిన వర్క్ (WORQ) అనే ప్రశ్నావళిలో మోకాళ్లూనడం, గొంతుక్కూర్చోవడం, ఎగుడుదిగుడు నేల మీద నడవడం, ఎక్కి దిగడం, బరువులు మోయడం, పెడళ్లు తొక్కడం వంటి 13 అంశాలు ఉన్నాయి. ఏ ప్రశ్నావళినైనా కార్మికుల భాషలోకి తెచ్చేటప్పుడు ఇద్దరు వేరు వేరుగా అనువదించడం, ఆ అనువాదాన్ని తిరిగి మూలభాషలోకి మార్చి చూడడం, కొద్దిమంది కార్మికులతో చదివించి ఎలా అర్థమైందో అడగడం తప్పనిసరి. చదవడం రానివారికి చదివి వినిపించే వ్యక్తి శస్త్రవైద్యుడి బృందంలోనివాడు కాకూడదు.

ప్రశ్నావళితో పాటు ప్రత్యక్ష పరీక్ష కూడా ఉండాలి. నిర్ణీత మందం గల చాప మీద, ఒకే రకం ప్యాడ్లతో, నిర్ణీత సమయం మోకాళ్లూని ఉండడం, కొన్ని మీటర్ల దూరం పాకడం, నిచ్చెన ఎక్కి దిగడం వంటి పనులను భౌతిక చికిత్సకుడి పర్యవేక్షణలో చేయించి సమయాన్నీ నొప్పినీ నమోదు చేయవచ్చు. సొంతంగా రూపొందించిన పరీక్షను నేరుగా ప్రయోగంలో వాడకూడదు. ముందు కొద్దిమందికి వారం వ్యవధిలో రెండుసార్లు, ఇద్దరు పరిశీలకులతో చేయించి, ఫలితాలు ఎంతవరకు కలుస్తున్నాయో చూసుకోవాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కీలుమార్పిడి తరవాత మోకాళ్లూనని ప్రతి వ్యక్తీ ఊనలేని వ్యక్తి కాదు. కొందరు చర్మం కింది సన్నని నరం తెగి కోత పక్కన మొద్దుబారడం వల్ల ఊనరు. కొందరు కొత్త కీలు పాడవుతుందన్న భయంతో ఊనరు. మరికొందరు వైద్యుడో, నర్సో, భౌతిక చికిత్సకుడో వద్దని చెప్పినందువల్ల ఊనరు. ఈ ముగ్గురినీ ఒకే లెక్కలో వేస్తే శస్త్రచికిత్స పద్ధతిని నిందించడమో మెచ్చుకోవడమో అన్యాయం అవుతుంది. కాబట్టి కారణాన్ని అడిగి రాయాలి. రెండు బృందాలకూ ఇచ్చే సలహా అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయ్యేలా ముద్రించి ఇవ్వాలి.

"పనికి తిరిగి వెళ్లారు" అనే మాటకు నిర్వచనం ముందే రాసుకోవాలి. మొదటి షిఫ్టుకు హాజరైన రోజా, పూర్తి గంటలు పనిచేసిన రోజా, పాత పనికే తిరిగి వెళ్లిన రోజా, లేక పాత పనిలో కనీసం మూడు నెలలు నిలదొక్కుకోవడమా? నా దృష్టిలో చివరిదే అర్థవంతమైనది. తేలిక పనికి మారినవారిని విడిగా చూపించాలి, ఎందుకంటే అది శస్త్రచికిత్స వైఫల్యం కావచ్చు, వైద్యుడి వివేకవంతమైన సలహా కావచ్చు, లేదా గనిలో ఆ పనే రద్దయి ఉండవచ్చు.

పద్ధతులను పోల్చే తీరు

కొత్త శస్త్రచికిత్స పద్ధతిని పరీక్షించేటప్పుడు ఏ దశలో ఎలాంటి అధ్యయనం తగునో 2009లో ప్రచురితమైన ఐడియల్ నిర్మాణం వివరిస్తుంది: ఆలోచన, అభివృద్ధి, అన్వేషణ, మూల్యాంకనం, దీర్ఘకాల పరిశీలన. పద్ధతి ఇంకా మారుతూ ఉన్న దశలో యాదృచ్ఛిక ప్రయోగానికి (రోగులను చీటీ తీసినట్టు బృందాలకు కేటాయించే ప్రయోగానికి) దిగితే మొదటి రోగికి చేసిన శస్త్రచికిత్స, చివరి రోగికి చేసినది ఒకటి కాకుండా పోతాయి. అన్వేషణ దశలో వరస కేసులన్నింటినీ వదలకుండా నమోదు చేసి, పద్ధతి స్థిరపడ్డాక ప్రయోగానికి వెళ్లడం మంచిది.

మందుల ప్రయోగానికీ శస్త్రచికిత్స ప్రయోగానికీ ఉన్న పెద్ద తేడా, చికిత్స చేసే వైద్యుడి చేతి నైపుణ్యం. ఒక శస్త్రవైద్యుడికి పూర్తి మోకీలుమార్పిడిలో వందల కేసుల అనుభవం, పాక్షిక మార్పిడిలో పది కేసుల అనుభవం ఉంటే, అతడితో రెండూ చేయించి పోల్చడం అంటే పద్ధతులను కాక అలవాటును పోల్చడమే. దీనికి విరుగుడు, రోగిని పద్ధతికి కాక ఆ పద్ధతిలో నైపుణ్యం ఉన్న శస్త్రవైద్యుడికి యాదృచ్ఛికంగా కేటాయించడం. బ్రిటన్‌లో 27 కేంద్రాలలో 528 మందిపై పాక్షిక, పూర్తి మోకీలుమార్పిడులను పోల్చి 2019లో అయిదేళ్ల ఫలితాలు ప్రచురించిన టాప్‌క్యాట్ ప్రయోగంలో రెండు పద్ధతులలోనూ సమాన నైపుణ్యం ఉన్నవారూ, ఒకదానిలోనే నైపుణ్యం ఉన్నవారూ పాల్గొనే వీలు కల్పించారు. ఆక్స్‌ఫర్డ్ స్కోరులో రెండు బృందాల మధ్య అయిదేళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే మోకాళ్ల మీద పనిచేసేవారిలో కూడా ఇంతేనా అన్న ప్రశ్నకు ఆ స్కోరు జవాబు చెప్పదు. మన అధ్యయనానికి చోటు అక్కడే ఉంది.

శస్త్రవైద్యుడికి తాను ఏమి చేస్తున్నదీ తెలియకుండా చేయడం అసాధ్యం. రోగికి తెలియకుండా ఉంచడం కొన్ని సందర్భాలలో వీలవుతుంది. ఫలితం కొలిచే వ్యక్తికి తెలియకుండా ఉంచడం దాదాపు ఎప్పుడూ వీలవుతుంది: మోకాలికి తొడుగు వేసి మచ్చను కప్పితే చాలు. రోబో సాయంతో చేసిన శస్త్రచికిత్సలో పిన్నులు గుచ్చిన అదనపు మచ్చలు ఉంటాయి కాబట్టి తొడుగు తొడ నుంచి పిక్క వరకు ఉండాలి.

శస్త్రచికిత్స వివరాల పత్రంలో కోత పెట్టిన మార్గం, ఇరుసు సరిచేసిన పద్ధతి, సిమెంటు వాడకం, మోకాలిచిప్పను మార్చారా లేదా, ఇంప్లాంట్ రకం, టూర్నికే (రక్తప్రవాహాన్ని ఆపేందుకు తొడకు బిగించే పట్టీ) ఉంచిన సమయం, శస్త్రవైద్యుడు అప్పటికి చేసిన కేసుల సంఖ్య, తరవాతి వ్యాయామ చికిత్స అన్నీ ఉండాలి.

ఎంతమంది కావాలి

ఆక్స్‌ఫర్డ్ మోకీలు స్కోరులో రెండు బృందాల మధ్య సుమారు 5 పాయింట్ల తేడాను రోగికి అర్థవంతమైన తేడాగా సాధారణంగా తీసుకుంటారు. ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత) 10 అనుకుంటే, 5 శాతం ప్రాముఖ్య స్థాయిలో (లేని తేడాను ఉందని పొరబడే అవకాశం), 80 శాతం శక్తితో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) ఆ తేడాను పట్టుకోవడానికి బృందానికి 63 మంది కావాలి. 15 శాతం మంది మధ్యలో తప్పిపోతారనుకుంటే 63ను 0.85తో భాగించాలి, బృందానికి 75 మంది అవుతారు. అక్కడితో ఆగకూడదు. ఒకే శస్త్రవైద్యుడి రోగులు ఒకరినొకరు పోలి ఉంటారు. ప్రతి శస్త్రవైద్యుడికి సగటున 10 మంది రోగులు, వారి మధ్య సహసంబంధం 0.05 అనుకుంటే, సంఖ్యను 1.45తో (1 + 9 × 0.05) గుణించాలి: 63 కాస్తా 92 అవుతుంది, తప్పిపోయేవారిని కలిపితే బృందానికి 109 మంది. ఒక్క ఆసుపత్రికి ఇంతమంది అర్హులైన భూగర్భ కార్మికులు దొరకడం అరుదు కాబట్టి మొదటి నుంచే అనేక కేంద్రాలతో ఒప్పందం చేసుకోవాలి. సంఖ్య చాలదని తెలిసీ చిన్న ప్రయోగం చేసి "తేడా లేదు" అని ప్రకటించడం కంటే, అదే వనరులతో జాగ్రత్తగా చేసిన పరిశీలనాత్మక అధ్యయనం మేలు.

కార్మికుడు, యజమాని, పరిశోధకుడు

1964 నాటి హెల్సింకి ప్రకటన, 2024లో సవరించిన దాని తాజా రూపం అన్ని క్లినికల్ పరిశోధనలకూ వర్తిస్తాయి. ప్రయోగాన్ని మొదటి రోగి చేరకముందే బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2005 నుంచి ప్రధాన వైద్య పత్రికల సంపాదకులు దీన్ని ప్రచురణకు షరతుగా పెట్టారు. గని కార్మికుల విషయంలో ఇవి చాలవు. ఆసుపత్రి గని సంస్థదే అయినప్పుడు, వైద్యుడి జీతమూ కార్మికుడి జీతమూ ఒకేచోటి నుంచి వస్తున్నప్పుడు, "మీ ఇష్టం ఉంటేనే చేరండి" అనే మాటను కార్మికుడు నమ్మడానికి కారణం కనిపించాలి. అంగీకారం తీసుకునే గదిలో యాజమాన్య ప్రతినిధి ఉండకూడదు. చేరకపోయినా, మధ్యలో మానేసినా చికిత్సలో, ఉద్యోగంలో, పరిహారంలో తేడా రాదని రాతపూర్వకంగా ఇవ్వాలి. పనికి తగినవాడని ధ్రువపత్రం ఇచ్చే వైద్యుడు, పరిశోధన ఫలితాలు కొలిచే వ్యక్తి ఒకరే కాకూడదు. ఒకరే అయితే నొప్పి దాచిపెట్టడమో పెంచి చెప్పడమో కార్మికుడికి అవసరంగా మారుతుంది.

పేర్లు తీసేసినంత మాత్రాన గోప్యత సిద్ధించదు. ఒక గనిలో ఫలానా వయసు, ఫలానా ఉద్యోగం, రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్స అని రాస్తే తోటివారందరికీ అది ఎవరో తెలిసిపోతుంది. పట్టికలలో అయిదుగురికి తక్కువ ఉన్న గడులను కలిపేయడం లేదా చూపకపోవడం మంచి ఆచారం.

పరిహారం సంగతి విడిగా నమోదు చేయాలి. పరిహారపు దావా నడుస్తున్నవారిలో శస్త్రచికిత్స ఫలితాలు తక్కువగా నమోదవుతాయని 2005లో ప్రచురితమైన ఒక విస్తృత సమీక్ష చూపించింది. దీన్ని కార్మికుల నిజాయితీ మీద అనుమానంగా చదవడం తప్పు. నెలల తరబడి సాగే విచారణలు, డబ్బు గురించిన ఆందోళన, పదే పదే తన బాధను నిరూపించుకోవలసి రావడం మనిషి కోలుకోవడాన్ని నిజంగానే కుంటుపరుస్తాయి. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. ఉదాహరణకు బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికుల మోకీలు అరుగుదలను 2009లో వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చినప్పుడు, పదేళ్లకు తగ్గని భూగర్భ సేవను షరతుగా పెట్టారు. అధ్యయనం జరిగేచోట ఇలాంటి షరతు ఉంటే, సేవా కాలం గురించి కార్మికుడు చెప్పే సమాధానాన్ని అది ప్రభావితం చేయవచ్చు కాబట్టి రికార్డుతో సరిచూడాలి.

విశ్లేషణ, ప్రచురణ, ఆ తరవాత

విశ్లేషణ ప్రణాళికను సమాచారం చూడకముందే రాసి తేదీ వేసి ఉంచాలి. ఎవరికి ఏ బృందం కేటాయించారో ఆ బృందంలోనే లెక్కించడం ప్రధాన విశ్లేషణ. శస్త్రచికిత్సకు ముందున్న స్కోరుకు సర్దుబాటు చేయాలి. పనికి తిరిగి వెళ్లడానికి పట్టిన కాలాన్ని లెక్కించేటప్పుడు పదవీ విరమణ, గని మూసివేత, మరణం వంటివి ఆ సంఘటన జరిగే అవకాశాన్నే తీసేస్తాయి. వాటిని కేవలం తప్పిపోయినవారిగా లెక్కించకుండా పోటీపడే సంఘటనలుగా పరిగణించే పద్ధతిని వాడాలి. మోకాళ్లూనిన గంటలను బట్టి ఉప బృందాలను చూడాలనుకుంటే, హద్దులను ముందే నిర్ణయించాలి.

ఫలితాలను నివేదించేటప్పుడు యాదృచ్ఛిక ప్రయోగానికి కన్సార్ట్ నియమావళిని, అందులో శస్త్రచికిత్స వంటి మందులేతర చికిత్సల కోసం 2017లో సవరించిన విస్తరణను అనుసరించాలి. పరిశీలనాత్మక అధ్యయనానికి 2007 నాటి స్ట్రోబ్ నియమావళి ఉంది. మొదటి పట్టికలో వయసు, బరువు పక్కనే ఉద్యోగ వివరాలు, మోకాళ్లూనిన గంటలు, ఊపిరితిత్తుల స్థితి కనిపించాలి. కార్మిక సంఘాలకూ, పాల్గొన్నవారికీ ఫలితాలను వారి భాషలో, ప్రచురణతో పాటే చేరవేయాలి.

రెండేళ్ల స్కోరు కీలు మన్నికను చెప్పదు. స్వీడన్‌లో 1975లో మోకీలుమార్పిడుల జాతీయ రిజిస్ట్రీ మొదలైన నాటి నుంచి, ఒక ఇంప్లాంట్ విఫలమవుతోందన్న సంకేతం తరచుగా పెద్ద సంఖ్యలో రోగులను ఏళ్ల తరబడి అనుసరించడం వల్లే బయటపడుతూ వచ్చింది. వయసు తక్కువగా ఉన్నవారిలో మళ్లీ శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం ఎక్కువని రిజిస్ట్రీలు చూపుతున్నాయి. గని కార్మికులు సాధారణంగా ఆ వయసు వారే. ఆ రిజిస్ట్రీలలో వృత్తి వివరం సాధారణంగా ఉండదు, గని మూతపడితే కార్మికులు చెదిరిపోయి చిరునామాలు దొరకవు. అందువల్ల మొదటి అంగీకార పత్రంలోనే రెండు అనుమతులు అడిగి ఉంచాలి: అధ్యయన సమాచారాన్ని జాతీయ కీలుమార్పిడి రిజిస్ట్రీతో కలపడానికి ఒకటి, పదేళ్ల తరవాత కార్మికుడినీ, అతడు సూచించిన ఒక బంధువునూ సంప్రదించడానికి ఇంకొకటి.